పలక మీద సీసా బొమ్మ

మొన్న ఆదివారం తెల్లవారుతుండగా మా కాంపౌండర్ సాబ్ పోయారు. స్టేషన్ వెనక గల్లీలో వాళ్ల ఇంటి ముందు నేను అప్పటికే నిలబడి ఉన్నాను. ఎవరో ఒకరు బయటికి వచ్చి "జర నిమ్మళమైంది" అంటారని ఎదురుచూస్తున్నాను. లోపలి నుంచి ఏడుపు వినిపించింది.

ఈ లిఖిత పత్రిక చదివే మీలో చాలామందికి ఆయన తెలుసు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. సర్కారీ దవాఖానలో ఏళ్ల తరబడి మందులు కలిపి, పెన్షన్ మీద ఇంటికి వచ్చాక ఆయన మా జహీరాబాద్‌లో దవాఖాన బండి సంఘం పెట్టారు. యుద్ధం మొదలయ్యాక పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడుస్తున్నాయి. అవి పెద్ద బాట దిగి పల్లెల్లోకి రావు. కదలలేని రోగిని, కాన్పు కష్టమైన ఆడమనిషిని దవాఖానకు చేర్చడానికి మాకు ఉన్నది ఒక్క ఎడ్లబండి. ఎడ్లను నెలకొక రైతు ఇస్తాడు. బండి ముందు ఎక్కడికి పోవాలో సంఘంలో ఒకరు వారం పాటు చూసుకుంటారు. ఆ వారం వంతు వాళ్లది, మాట కూడా వాళ్లదే.

ఎవరి వంతు ఎప్పుడో తెలియడానికి సంఘం కూర్చునే గదిలో గోడకు ఒక పలక వేలాడదీశారు సాబ్. మాలో కుమ్మరి అవ్వకు చదువు రాదు. అందుకని ఆయన పేర్లు రాయలేదు, అందరికీ బొమ్మలు గీశారు. అవ్వకు కుండ, కిరాణా సేటుకు తక్కెడ, బండి తోలే అన్నకు చక్రం, నాకు కలం, తనకు బిరడా పెట్టిన మందు సీసా. ఎవరి వంతు నడుస్తుంటే వాళ్ల బొమ్మ కింద సున్నంతో ఒక గీత. ఆయన గీసిన నా కలం మునక్కాయలా ఉండేది.

"ఇది కలమా సాబ్?" అన్నాను.

"నువ్వు రాయి బేటా, అది కలమైతది" అన్నారు.

మొదటిసారి గీత కుండ కిందికి వచ్చిన రోజు కిరాణా సేటు లేచి నిలబడ్డారు. "కుండలు చేసుకునే ముసలామె హుకుం చేస్తే నేను ఇనాల్నా?"

"మీ ఇంట్ల నీళ్లు ఎవరి కుండల చల్లగైతున్నయ్ సేట్‌జీ?" అని నెమ్మదిగా అడిగారు సాబ్.

అవ్వ కొంగు అడ్డం పెట్టుకుని, "ఎండకాలం గా కుండకు చిల్లి పడనియ్యి, సేటు పొద్దుగాల్నే నా వాకిట్ల ఉంటడు" అంది. అందరూ నవ్వారు. సేటు కూడా నవ్వి కూర్చున్నారు. ఆ వారం అవ్వ చెప్పిన చోటికల్లా బండి పోయింది.

సంఘం కూర్చున్నప్పుడు సాబ్ గుమ్మం దగ్గర, అందరి చెప్పుల పక్కన కూర్చునేవారు. మాలో అందరికంటే తక్కువ మాట్లాడేవాళ్లు ముందు మాట్లాడాలి, ఆయన చివర. తన వంతు వచ్చేసరికి, "నాకేం మిగల్లే, అంత మీరే చెప్పిన్రు" అనేవారు. నిజంగానే ఆయనకు చెప్పేదేమీ ఉండదని నేను కొన్ని నెలలు అనుకున్నాను. తర్వాత ఆయన చేతిని గమనించాను. షేర్వానీ జేబులో పాత బిరడా ఒకటి ఉండేది. మేం తప్పుదారిలో పోతున్నప్పుడు, ఆయనకు మాట గొంతుదాకా వచ్చినప్పుడు, ఆ బిరడాను పిడికిట్లో పెట్టి నొక్కేవారు. మాట్లాడకుండా ఉండడానికి ఆయన అంత కష్టపడేవారు. ఇది కనిపెట్టింది నేనొక్కణ్ణే అని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

మేం ఏది అడగబోయినా ఒకటే ప్రశ్న. "వంతు ఎవరిది?" ఫలానా వాళ్లది అంటే, "మరి నన్నెందుకు అడుగుతున్నవ్?"

ఒకసారి సేటు తన వారంలో బండిని ముందు తన చుట్టాల ఊరికి పంపారు. రాయికోడ్ వైపు పల్లెలో ఒక ముసలాయన కాలు విరిగి, అరుగు మీద పడుకుని రెండు రోజులు బాట వైపే చూశాడు. సాబ్ సేటును ఒక్క మాట అనలేదు. మరునాడు పొద్దున్నే సేటు ఇంటి ముందుకు పోయి, "పోదాం పాండ్రి, ఆ ముసలాయనకు చెప్పొద్దాం" అన్నారు. ఇద్దరూ నడిచే పోయారు. అక్కడ సేటు చేతులు కట్టుకుని తప్పు ఒప్పుకుంటుంటే సాబ్ పక్కన నిలబడ్డారే తప్ప నోరు తెరవలేదట. తిరిగి వచ్చాక మాతో అన్నారు: "తప్పు చేసినోడు ఒక్కడే పోవద్దు. గని చెప్పేది మాత్రం ఆయనే చెప్పాలె." సేటు మళ్లీ అలాంటి పని చేయలేదు. ఆయన వారంలో నిశ్చింతగా ఉండొచ్చని ఇప్పుడు అవ్వే అంటుంది.

ఇక శనివారం సంగతి చెప్పాలి. ఇంతసేపు దాన్ని దాటవేస్తూ వచ్చాను.

ఆ వారం గీత నా కలం కింద ఉంది. ఆఖరి రోజు. పొద్దెక్కాక రెండు కబుర్లు ఒకేసారి వచ్చాయి. ఝరాసంగం పక్క పల్లెలో కూలి చేసుకునే ఒకామె రెండు రోజులుగా నొప్పులు పడుతోంది. ఇంకొకటి, ఆ నెల ఎడ్లు ఇచ్చిన పటేలు ఇంటి నుంచి. వాళ్ల అమ్మకు జ్వరం. పటేలు మనిషి నన్ను కిందికీ పైకీ చూశాడు. "ఎడ్లు మావి. బండి మాకు రాదా? గిదేం ఇన్సాఫ్ పిలగా?"

ఏం చేయాలో నాకు తెలుసు. ఎడ్లు పోతాయేమోనన్న భయం కూడా ఉంది. ఒక పెద్ద మనిషి నోటి నుంచి ఆ మాట వస్తే బాగుండుననిపించింది. స్టేషన్ వెనక గల్లీకి పరుగెత్తాను.

సాబ్ మంచం మీద గోడ వైపు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని పడుకుని ఉన్నారు. ఇంట్లో ఎవరూ లేరు. ఆయన భార్య, మేమంతా బీబమ్మ అని పిలిచే ఆమె, చెల్లెలి ఇంటికి పోయి ఉంది.

"ఏమైంది సాబ్?"

"కడుపుల వాయువు, గంతే. నువ్వు చెప్పు."

అంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆయన పిడికిట్లో బిరడా ఉంది. వేళ్ల కణుపులు తెల్లబడేలా నొక్కుతున్నారు. అది నేను చూశాను. చూసి, జవాబు తెలిసి కూడా దిగమింగుకుంటున్నారు, నా మీద అంత నమ్మకం అనుకున్నాను.

"వంతు ఎవరిది బేటా?"

"నాదే సాబ్."

"మరి పో."

పోయాను. బండిని ఝరాసంగం వైపు పంపాను. మధ్యాహ్నం హైదరాబాద్ రైలు కూత వేసుకుంటూ వెళ్లిపోవడం విన్నాను. అప్పుడు అది నాకు ఉత్త కూతే.

పొద్దు వాలేసరికి బండి వచ్చింది. ఆమెను దవాఖానలో దించాం. బిడ్డ పుట్టింది, తల్లీ బిడ్డా బాగున్నారు. ఈ మాట సాబ్‌కు చెప్పాలని మళ్లీ ఆ గల్లీకి పరుగెత్తాను. ఇంటి ముందు జనం. అప్పుడే తిరిగొచ్చిన బీబమ్మ ఆయన్ను చూసి కేక వేసిందట. లోపల డాక్టరు. ఆయన బయటికి వచ్చి చేతులు కడుక్కుంటూ అన్నారు: "పేగు మెలిక పడ్డట్టుంది. ఆపరేషన్ ఇక్కడ కాదు. మధ్యాహ్నం రైలుకు పంపి ఉంటే ఏమన్నా ఆశ ఉండేది. ఇక పొద్దున్నే రైలు."

పొద్దున రైలు వచ్చింది. అప్పటికే ఆలస్యమైంది.

సాబ్ కాంపౌండర్. అది ఉత్త వాయువు కాదని ఆయనకు తెలియకుండా ఉంటుందా? ఒక్క మాట అని ఉంటే నేను అన్నీ వదిలేసి ఆయన్ను రైలెక్కించేవాణ్ణి. ఆ సంగతి కూడా ఆయనకు తెలుసు. అందుకే అనలేదా? లేక నేను వెళ్లాక ఎవరినైనా పిలుద్దామనుకుని, లేవలేకపోయారా? ఈ ప్రశ్నలు ఎవరిని అడగాలి? అడిగితే "వంతు ఎవరిది?" అనే మనిషి ఇప్పుడు లేరు.

ఖబరస్తాన్‌లో మట్టి ఇచ్చి వచ్చాక బీబమ్మ నన్ను లోపలికి పిలిచింది. "పిడికిలి ఇప్పితే ఇది ఉండె బేటా" అని బిరడా చూపించింది. ఆయన గోళ్లు దిగిన గుర్తులు దాని మీద ఉన్నాయి. "పగటీలి నువ్వొచ్చినవట గదా. గప్పుడు ఎట్లుండె?"

"పండుకొని ఉండె బీబమ్మా" అన్నాను.

పదాలంటే నాకు ప్రాణం. కొత్త పదం కనిపిస్తే పుస్తకం వెనక అట్ట మీద రాసుకుంటాను. ఆమె ముందు వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను, ఆమెకు తెలుగు చదవడం రాదని తెలిసి. ఇది చెప్పడం కాదు. ఆయన పిడికిలి చూసి కూడా వచ్చేశానని ఆమె దగ్గరికి పోయి నేనే చెప్పాలి. నా పక్కన నిలబడడానికి రావలసిన మనిషి గురించే ఆ మాట చెప్పాలి.

సోమవారం పటేలు మనుషులు వచ్చి ఎడ్లు విప్పుకుని పోయారు. వాళ్ల అమ్మకు జ్వరం తగ్గిందట, మంచిదే. సాయంత్రం సంఘం కూర్చుంది. చెప్పుల పక్కన చోటు ఖాళీగా ఉంది. తక్కువ మాట్లాడేవాళ్లు ముందు మాట్లాడాలి కదా. ఆ రోజు అందరం తక్కువ మాట్లాడేవాళ్లమే. చివరికి అవ్వ నా వైపు తిరిగి, "నీ వంతు అయిపోయింది గద కొడుకా, గీత జరుపు" అంది.

లేచి, కలం కింది గీతను గుడ్డ పీలికతో తుడిచాను. దాని తర్వాతి బొమ్మ సీసా. సీసా కింద కొత్త గీత గీశాను. వేరే ఏం చేయాలో తోచలేదు.

సున్నం ఇంకా చేతిలో ఉండగానే గుమ్మంలో ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. మోకాళ్లదాకా నల్లమట్టి.

"బండి కావాలె అయ్యా. ఈ వారం వంతు ఎవరిది?"

సేటు పలక వైపు చూశారు, బండి తోలే అన్న ఎడ్లు లేని బండి వైపు చూశాడు. నేను మాత్రం ఆ మనిషి చేతులు చూశాను. ఖాళీగానే ఉన్నాయి. శనివారం సాబ్ చేతినే చూశాను; ఈసారి అతని ముఖం కూడా చూశాను. నా పక్కన పలక మీద, దీపం వెలుగులో, బిరడా బిగించిన చిన్న సీసా తెల్లగా కనిపిస్తోంది.