మా చిన్న మావయ్య ప్రీమియర్‌కి వెళ్ళిన రోజు

మొన్న ఆదివారం క్షవరానికి వెళితే, షాపతను అద్దంలో నా నడినెత్తిని కాసేపు జాలిగా చూసి, "మేస్టారూ, పైన బాగా పలచబడిపోయిందండి. ఇప్పుడు మంచి విగ్గులొస్తున్నాయండి, పెట్టుకుంటే పదేళ్ళు తగ్గిపోతారు" అన్నాడు. నాకు నవ్వాగలేదు. చెవి దగ్గర కత్తెర ఆడుతోంది కాబట్టి కిసుక్కుమని అంతటితో బిగపట్టుకున్నాను గానీ, లేకపోతే కుర్చీలోంచి కిందపడేంత నవ్వు. అతను పాపం నొచ్చుకున్నాడేమో, కత్తెర చప్పుడు పెంచాడు. నేను నవ్వింది అతన్ని చూసి కాదు. పన్నెండేళ్ళ కిందటి ఒక గుండు గుర్తొచ్చింది. ఆ గుండు మా చిన్న మావయ్యది.

చిన్న మావయ్యంటే మా అమ్మకి ఆఖరి తమ్ముడు, నాకంటే పదేళ్ళు పెద్ద. నరసాపురంలో చేపల వ్యాపారం. రేవు దగ్గర వేలంలో కొన్న చేపల్ని ఐసు వేసి పెట్టెల్లో పేర్చి పై ఊళ్ళకి పంపిస్తాడు. అది పొట్టకూటి పని. అసలు పని మాత్రం ఒక హీరోగారికి అభిమానిగా ఉండడం. ఆ హీరోగారి పేరు నేను రాయను. రాయనని మాటిస్తేనే ఈ సంగతి చెప్పుకోవడానికి మావయ్య ఒప్పుకున్నాడు. చదువుతుంటే మీకెవరైనా తట్టినా దయచేసి మనసులోనే ఉంచుకోండి. మా ఊరి అభిమాన సంఘానికి పద్దెనిమిదేళ్ళు మావయ్యే ప్రెసిడెంటు. సినిమా రిలీజైతే చాలు, ఆ రోజు చేపలు ఐసులోనూ, మావయ్య హాల్లోనూ.

హీరోగారికి పేరు తెచ్చింది ఆయన జుట్టు. మెడ దాకా వెనక్కి దువ్విన ఒత్తయిన జుట్టు, అందులోంచి నుదుటి మీదకి జారే ఒక పాయ. కోపం వచ్చినప్పుడు ఆ పాయని తల విసిరి వెనక్కి పంపేవారు. ఇక హాల్లో కాగితం ముక్కలు ఎగరాల్సిందే. దేవుడు మా మావయ్యకి ఆ ఎత్తూ ఇవ్వలేదు, ఆ రంగూ ఇవ్వలేదు. జుట్టు మాత్రం అచ్చం అదే ఇచ్చాడు. ఆ జుట్టుకి జరిగే సేవ అంతా ఇంతా కాదు. కుంకుడుకాయ రసం, కాచిన కొబ్బరినూనె, ఆరబెట్టుకోడానికి పెరట్లో ప్రత్యేకంగా ఒక కుర్చీ. మా అత్త అరుగు మీద లేసు అల్లుకుంటూ, "నా జడకి ఏనాడూ ఈ భోగం లేదురా" అని నాతో అంటుండేది. చేపల పెట్టె భుజానికెత్తుకునేటప్పుడు కూడా మావయ్య ఆ పాయని ఒకసారి వెనక్కి విసిరేవాడు. ఊళ్ళో ఎవరిని అడిగినా జుట్టు ప్రెసిడెంటు గారి ఇల్లు చూపించేవారు.

ఇంత అభిమానమూ తెర మీదే. మనిషిని ఒక్కసారి కూడా దగ్గర్నుంచి చూడలేదు. అలాంటిది, ఆ ఏడాది కొత్త సినిమా ప్రీమియర్ రాజమండ్రిలో పెట్టి, హీరోగారు స్వయంగా వస్తున్నారన్నారు. జిల్లాకొక సంఘం ప్రెసిడెంటు పేరు చీటీ తీసి, వాళ్ళని వేదిక మీదకి పిలిచి హీరోగారికి దండ వేయిస్తారట. మా జిల్లా చీటీలో మా మావయ్య పేరొచ్చింది. ఫోనొచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. వినీ వినగానే ఐసు పెట్టె మీద కూలబడిపోయాడు. కింద తడిసిపోతున్నా లేవలేదు. "అల్లుడూ, నా పేరొచ్చిందిరా" అని మూడుసార్లు అన్నాడు. వారం తిరక్కుండా ఫోటో అంటించిన పాసు వచ్చింది. తోడుగా నన్ను రమ్మన్నాడు. సంఘంవాళ్ళు నాకో మామూలు టిక్కెట్టు ఇచ్చారు.

ఆట మధ్యాహ్నం మూడింటికి. మేం పొద్దున్నే రాజమండ్రిలో దిగాం. దిగగానే కోరుకొండ వెళ్దామన్నాడు. శుభమా అని బయల్దేరాం, స్వామిని చూసుకోవడం మంచిదే కదా అనుకున్నాను. కొండ కింద నన్ను కొబ్బరికాయలు కొనమని పంపించి ఎటో వెళ్ళాడు. నేను కాయలు పట్టుకుని దారి చూస్తూ నిలబడ్డాను. ఎవరో గుండాయన, నెత్తినిండా గంధం, తెల్లపంచె, భుజాన కండువా, వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నేను మర్యాదగా కాస్త జరిగాను. "పద అల్లుడూ, మెట్లెక్కుదాం" అన్నాడాయన. నా చేతిలో కొబ్బరికాయ జారిపోయింది. గొంతు మావయ్యది, తల ఎవరిదో. హీరోగారిని దగ్గర్నుంచి చూసే భాగ్యం కలిగితే తలనీలాలిస్తానని ఎప్పుడో మొక్కుకున్నాడట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చూశాక ఇవ్వొచ్చు కదా అన్నాను. "పాసు చేతిలో పడ్డాక ఇంక చూసినట్టే కదరా. మొక్కు ఉంచుకుని ఆయన ముందుకి ఎలా వెళ్ళను?" అన్నాడు. అప్పటికి నాకూ అది సబబుగానే తోచింది. చదువుకున్నవాణ్ణి, పదిమంది పిల్లలకి పాఠాలు చెప్పేవాణ్ణి, పాసు మీద ఫోటో ఉందన్న సంగతి నాకూ తట్టలేదు.

హాలు గేటు దగ్గర తట్టింది. నల్లచొక్కా వేసుకున్న ఒక భారీ మనిషి పాసు చూశాడు, గుండు చూశాడు, మళ్ళీ పాసు చూశాడు. "ఇది మీరు కాదండి" అన్నాడు. మావయ్య నవ్వుతూ ఆధార్ కార్డు తీశాడు. అందులోనూ జుట్టే. ఫోన్లో ఉన్న ఫోటోలు ఒకటొకటే చూపించాడు. పెళ్ళిలో జుట్టు, పుట్టినరోజులో జుట్టు, హీరోగారి కటౌట్ పక్కన జుట్టు. చూపించేకొద్దీ ఆ మనిషికి అనుమానం పెరిగిపోయింది. మా ఊరి అభిమానులు అప్పటికే లోపలికి వెళ్ళిపోయారు, ఆ గోలలో ఎవరికీ ఫోను వినపడదు. ఆఖరికి మా పక్క ఊరి సంఘం అతను కనిపిస్తే మావయ్యకి ప్రాణం లేచొచ్చింది. అతను తేరిపార చూసి, "నరసాపురం ప్రెసిడెంటు గారు నాకు బాగా తెలుసండి. ఆయన జుట్టే వేరు. మీరెవరో గానీ ఇలాంటి పన్లు చేయకండి" అని లోపలికి వెళ్ళిపోయాడు. మావయ్య ముఖం ఎలా మారిపోయిందో ఇప్పటికీ నా కళ్ళకి కట్టినట్టే ఉంది. నేను లోపలికి పోవచ్చు, నా టిక్కెట్టు మీద ఫోటో లేదు. పోబుద్ధి కాలేదు.

జనంలోంచి బయటపడి, కాస్త నీడ కోసం హాలు వెనక సందులోకి వెళ్ళాం. అక్కడ ఒక చిన్న ఇనుప గేటు, దాని ముందు ఒక వాచ్‌మన్. మమ్మల్ని చూడగానే అతను ఎదురొచ్చాడు. "ఏంటండీ ఇంత ఆలస్యం? ప్రొడ్యూసర్ గారు పొద్దుట్నుంచీ అడుగుతున్నారండి. స్వామివారి ప్రసాదం తెచ్చారా?" అన్నాడు. ఏ గుడికి కబురంపారో, ఎవరు రావాలో మాకేం తెలుసు! మావయ్య గుండూ, గంధమూ, పంచే, చేతిలో కోరుకొండ ప్రసాదం పొట్లమూ చూసి అతను మమ్మల్ని ఆ గుడివాళ్ళే అనుకున్నాడు. "తెచ్చానండి. కోరుకొండ నుంచేనండి" అన్నాడు మావయ్య. అందులో అబద్ధమేం లేదు. నన్ను శిష్యుడనుకున్నాడు కాబోలు, నన్నూ రమ్మన్నాడు. ముందు గేటు దగ్గర గెంటించిన గుండే వెనక గేటు తీయించింది. క్యాంటీన్ వాళ్ళు సోడా పెట్టెలు పెట్టుకునే గది ఒకటి చూపించి, తలుపు తోసి, వాచ్‌మన్ వెనక్కి వెళ్ళిపోయాడు.

లోపల సోడా పెట్టెల మీద జుట్టుంది. నుదుటి పాయతో సహా. మావయ్య ముందు గుర్తుపట్టింది దాన్నే. దండం పెట్టడానికి చేతులు దానివైపే లేచాయి. ఆ తర్వాత పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో, టేబుల్ ఫ్యానుకి తల వంచి కూర్చున్న మనిషిని చూశాడు. నున్నటి తల. చెవుల పైన నాలుగు నెరిసిన వెంట్రుకలు. జిగురు అంటించినంత మేరా చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. మావయ్య చేతులు గాల్లోనే ఆగిపోయాయి. నేను అభిమానిని కాను, అయినా ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. ఇంక మావయ్యకి ఎలా ఉందో!

"ఎవరయ్యా మీరు? తలుపెవరు తీశారు?" అని మేకప్ మనిషి మీదకొచ్చాడు. హీరోగారు చెయ్యెత్తి ఆపారు. ప్రసాదం తీసుకుని కళ్ళకద్దుకున్నారు. మీరు గుడివారా అని అడిగారు. ఆయన ముందు మావయ్య అబద్ధమాడలేకపోయాడు. "కాదండి. నరసాపురమండి. మీ ఫ్యాన్స్ ప్రెసిడెంటునండి. మిమ్మల్ని చూస్తే తలనీలాలిస్తానని మొక్కండి. పొద్దుటిదాకా నాదీ అలాగే ఉండేదండి" అని సోడా పెట్టెల మీదకి చూపించాడు. హీరోగారు ఆ జుట్టు వైపు, మావయ్య గుండు వైపు మార్చి మార్చి చూశారు. "మీది నిజం జుట్టేనా?" అన్నారు. నిజమేనండి అన్నాడు మావయ్య. "ఉన్న జుట్టు నాకోసం తీయించేశారా!" అని ఆయన నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి, తువాలుతో కళ్ళు తుడుచుకున్నారు. అది నవ్వు తడో ఇంకోటో నేను చెప్పలేను.

తర్వాత ఆయనే, "ఇంత దూరం వచ్చారు, ఫోటో తీసుకోండి" అన్నారు. మేకప్ మనిషి గాబరాగా సార్ సార్ అంటున్నా, ఫర్లేదని కుర్చీ కాస్త ఇటు జరుపుకున్నారు. మావయ్య ఫోను అప్పటికే చేతిలో ఉంది. ఆ ఒక్క ఫోటో కోసం పాతికేళ్ళు ఎదురుచూశాడు. అది లేకుండా ఊరికి వెళితే ఎవరూ నమ్మరని కూడా తెలుసు. ఫోను వైపు చూశాడు. ఆయన తల వైపు చూశాడు. ఫోను పంచె మడతలో దోపేసుకున్నాడు. "వద్దండి. నేను చూశాను కదండీ, చాలండి" అన్నాడు. దండం పెట్టి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ బయటికొచ్చేశాడు.

సందులో ఒక అరుగు మీద కూర్చున్నాం. ఇక ఈయన మనసు విరిగిపోయింది, ఊరడించే మాటేదైనా వెతుక్కోవాలి అనుకుంటున్నాను. మావయ్య మాత్రం తన గుండు తడుముకుంటూ, "ఉట్టి ఎండకే నెత్తి మాడిపోతోందిరా. ఆ జుట్టు కింద ఆయనకి ఎంత ఉడికిపోతుందో! ఎలా కందిపోయిందో చూశావా? ఆ తలతోనా మనకోసం అన్ని డాన్సులు వేశాడు!" అన్నాడు. అప్పుడు ఏడ్చాడు. ఇంతలో లోపల మైకులో నరసాపురం ప్రెసిడెంటు గారు వేదిక మీదకి రావాలని పిలిచారు. మూడుసార్లు పిలిచారు. గేటు దగ్గర ఆపేసిన సంగతి హీరోగారికి ఎందుకు చెప్పలేదని అడిగితే, ఆయన్ని చూశాక అదొకటుందనే గుర్తు రాలేదన్నాడు. ఆఖరికి మా సంఘం వైస్ ప్రెసిడెంటుని పిలిచి దండ వేయించారు. గోడ ఇవతల కూర్చుని ఆ చప్పట్లన్నీ విన్నాం. ఈ సంగతి ఎవరికీ చెప్పనని మావయ్య నాచేత ఒట్టు వేయించుకున్నాడు. "మీ అత్తకి కూడా" అన్నాడు.

ఊళ్ళో ఏమవుతుందో అదే అయింది. వైస్ ప్రెసిడెంటు దండ వేస్తున్న ఫ్లెక్సీ సెంటర్లో లేచింది. ఏమైందని అడిగితే, గుండు వల్ల గేటు దగ్గర ఆపేశారని మావయ్య ఉన్నమాటే చెప్పాడు. ఊరు ఊరంతా పడీ పడీ నవ్వింది. తర్వాతి మీటింగులో ప్రెసిడెంటు పదవి కూడా పోయింది. చూడకుండానే మొక్కు చెల్లించొచ్చిన మహానుభావుడని అత్త వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఒక్క మాటతో అందరి నోళ్ళూ మూయించొచ్చు. ఆ మాట మాత్రం బయటికి రాలేదు. ఒకసారి టీకొట్టు దగ్గర వేరే హీరో అభిమాని ఒకడు, "మీవాడిది విగ్గంటగా" అన్నాడు. మావయ్య గ్లాసు కింద పెట్టి, "చూసినవాడెవడో ముందు వాణ్ణి తీసుకురా!" అని అరిచాడు. వాడు టీ డబ్బులిచ్చి జారుకున్నాడు. నేను టీ గొంతుకి అడ్డం పడి దగ్గుతూ ఉండిపోయాను. జుట్టు మళ్ళీ వచ్చింది గానీ మావయ్య పెంచలేదు. ఎందుకని అడిగితే ఎండలకి ఇదే హాయిగా ఉందిరా అనేవాడు.

పోయిన వేసవిలో నేను నరసాపురంలో ఉండగా టీవీలో హీరోగారి ఇంటర్వ్యూ వచ్చింది. పెద్దవారైపోయారు. మాట్లాడుతూ మాట్లాడుతూ, ఇంక ఈ బరువు మోయలేనండి అని, అందరి ముందూ జుట్టు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. అత్త అల్లిక చేతిలోనే ఆగిపోయింది. వీధిలో ఎవరో "అయ్యబాబోయ్" అని కేక వేశారు. నేను మావయ్య వైపు తిరిగాను. ఇప్పుడు చెప్పొచ్చు, పన్నెండేళ్ళ తర్వాత ఈయన తలెత్తుకోవచ్చు అనుకున్నాను. అంతలో హీరోగారు, "మా ఇంట్లోవాళ్ళూ, మేకప్ మనిషీ తప్ప, ఇవాళ్టిదాకా బయటివాళ్ళెవరూ నన్నిలా చూడలేదండి" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి టీవీ కట్టెయ్యబోయాను. పక్కన ఏదో చప్పుడైతే చూశాను. మావయ్య నవ్వుతున్నాడు. ఎత్తిపొడుపు లేదు, బాధ లేదు, పెళ్ళిపందిట్లో నవ్వినట్టు నవ్వుతున్నాడు.

"చూశావా అల్లుడూ," అన్నాడు, "ఆయనక్కూడా తెలీకుండా దాచేశాం."

అత్త ఆయన వైపు, నా వైపు చూసింది. ఒళ్ళోంచి దారపుండ జారి గుమ్మం దాకా దొర్లిపోయినా పట్టుకోలేదు. మావయ్య తలూపాక, రాజమండ్రిలో జరిగిందంతా నేనే చెప్పాను. ఆవిడ లేచి మావయ్యకి మంచినీళ్ళు తెచ్చిచ్చి మళ్ళీ అక్కడే కూర్చుంది. కాలం ఆ రోజుని హీరోగారి దగ్గర్నుంచి ఎప్పుడో పట్టుకుపోయింది, కానీ పట్టుకుపోయి మా చిన్న మావయ్య దగ్గర వదిలేసిందని నాకనిపిస్తుంది.