ఉత్తుత్తి సాక్షి

మా కంపెనీలో ఏదైనా విరిగినా, పోయినా విచారణ చేసేవాళ్లకు ట్రైనింగ్ పెట్టారు. సాక్షిని ఎలా కూర్చోబెట్టాలి, ఎలా మాట్లాడించాలి అని. వాళ్ల ప్రాక్టీసుకు ఉత్తుత్తి సాక్షులు కావాలంటే, శుక్రవారం బిర్యానీ పెడతారన్న ఆశతో నేనే చెయ్యెత్తాను. నా అంత తెలివితక్కువవాడు ఖతర్ మొత్తం వెతికినా దొరకడు.

నాకిచ్చిన వేషం చిన్నది. ఫోర్క్‌లిఫ్ట్ గేటుకు తగిలింది, నేను చూశాను, కానీ నడిపిందెవరో చెప్పకూడదు. నన్ను అడగాల్సినతను హైదరాబాద్ వాడు, తెలుగు బాగా వచ్చు. కుర్చీ పక్కకు జరుపుకుని, నీళ్లిచ్చి, "తొందరేం లేదన్నా. మొదటిసంది చెప్పు. నేను నడుమల మాట్లాడ" అన్నాడు. రెండు ముక్కల్లో చెప్పేశాను. సాక్షి ఆగినా తొందరపడొద్దని వాళ్లకు నేర్పారట. అతను నా మొహం చూస్తూ కూర్చున్నాడు.

మా ఇంట్లో నాయన అలా చూశాడంటే ఇంకా ఏదో దాస్తున్నావని అర్థం. పైగా ఇన్నేళ్ల డ్యూటీలో నాకు నీళ్లిచ్చి మరీ నా మాట విన్నవాడు లేడు. అందరిదీ "యల్లా, యల్లా" అని తొందరపెట్టే అరుపే. ఇక నా నోరు మండ, ఆగితేనా!

"ఆపరేటర్ నమాజుకు పోయిండు సార్. మావోడు జర పక్కకు పెడ్తనని ఎక్కిండు. లైసెన్సు లేదు. ఎన్కకు తీస్తుంటే ట్యాంకు పలిగింది" అనేశాను.

గేటు కాదు, ట్యాంకు. పోయిన నెల మా యార్డులో నిజంగా పగిలిన నీళ్ల ట్యాంకు. ఆ రోజు ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కింది నా రూమ్మేటే. విచారణలో ఇద్దరం "మేం చూడలేదు సార్" అని ఒకే మాట మీద నిలబడ్డాం. బయటపడితే వాడి ఉద్యోగం పోతుంది.

అతని పెన్ను ఆగింది. "అన్నా, ఇది విననట్టు నేను ఉండలేను. రేపు పొద్దుగాల దాంక ఆగుత. ఆయననే వచ్చి చెప్పుమను" అన్నాడు మెల్లగా. బయటికి రాగానే బిర్యానీ ప్లేటు చేతికిచ్చారు. ఛీ, తిన్నాను కూడా.

బర్వా అల్ బరాహా లేబర్ క్యాంపులో మా గదికి వెళ్లేసరికి రూమ్మేట్ తన బట్టలతో పాటు నా డ్యూటీ బట్టలు కూడా నానబెట్టి ఉతుకుతున్నాడు. తలెత్తకుండా జరిగిందంతా చెప్పాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. బకెట్లోంచి నా చొక్కా తీసి, పిండి, తీగ మీద ఆరేశాడు.

"సరే తియ్. పొద్దుగాల నేనే పోత. నువ్వు గూడ రా, గని నోరు మాత్రం తెర్వకు" అన్నాడు.

పొద్దున్నే వెళ్లాం. మేనేజర్ ముందు వాడు చేతులు కట్టుకుని, వచ్చీరాని హిందీలో అంతా ఒప్పుకున్నాడు. ఆయన వాడి మాటలన్నీ విని, "ఇంకెవరైనా చూశారా?" అంటూ నా వైపు చూశాడు. పోయిన నెల విచారణలో అబద్ధం చెప్పింది నేను కూడా కదా.

వాడు నా వైపు తిరగనైనా లేదు. "కోయీ నహీ సాబ్. మై అకేలా థా" అన్నాడు, అక్కడ తనొక్కడే ఉన్నట్టు.

నేను నేల చూస్తూ పక్కనే నిలబడ్డాను. వాణ్ని ఉద్యోగంలోంచి తీసేసి ఇండియాకు పంపించేశారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు.