ఉప్పు మడిలో ముంచిన ట్యూబు

నా చిన్నప్పుడు మా చిన్నాన్న మోటారు సైకిలు రైలును ఓడించిందని మా వీధి పిల్లలందరికీ తెలుసు. చెప్పింది నేనే. ఒకసారి చెప్పినప్పుడు బండి పట్టాల పక్కనే పరుగెత్తి ఇంజనును దాటేసింది. మరోసారి ఇంజను డ్రైవరు మమ్మల్ని చూసి తలగుడ్డ తీసి దండం పెట్టాడు. ఈ మధ్య మా మేనల్లుడి పిల్లలకు చెబుతుంటే బండి ఏకంగా గాల్లోకి లేచి రైలుపెట్టె మీద దిగింది. వాళ్లు సెల్‌ఫోన్లోంచి తలెత్తి, "కోతలు కొయ్యకు తాతా" అని మళ్లీ ఫోన్లోకి వెళ్లిపోయారు.

నాకు యాభై దాటాయి. జరిగింది జరిగినట్టు ఒక్కసారైనా రాసి పెట్టాలనిపించింది. ఇందులో కోత ఒక్కటే ఉంది. అది వచ్చిన చోట నేనే చెబుతాను.

మాది నరసన్నపేట దగ్గర వరి పండే ఊరు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. అమ్మ జబ్బుపడి నౌపడ అవతల పుట్టింట్లో ఉండేది, నాన్న ఆమె దగ్గరే ఉన్నాడు. నేను నాయనమ్మ దగ్గర ఉన్నాను. ఒక వేసవి పొద్దున బస్సు దిగినాయన ఒకడు కబురు తెచ్చాడు. అమ్మను విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకుపోతున్నారట, మధ్యాహ్నం పాసింజరుకు నౌపడలో ఎక్కిస్తారట, బండి కదిలేలోపు పిల్లాణ్ని ఒక్కసారి చూపించమంటోందట. నాయనమ్మ నా తలకు ఇంత నూనె రాసి, పాపిడి తీసి, ఏడుపు ముఖంతో వెళ్లొద్దని నాకు చెబుతూ తను ఏడ్చింది. చిన్నాన్న బండి తీశాడు.

ఆ బండి చేతులు మారి వచ్చిన పాతదే అయినా మా ఊరికి అదొక్కటే. చిన్నాన్న దాన్ని ఎడ్లతో పాటు రోజూ కాలవలోకి దింపి కడిగేవాడు. పంచరు పడితే ట్యూబు విప్పి, పక్కనే ఏ పొలంలో నీళ్లుంటే ఆ పొలంలో ముంచి, బుడగలు వచ్చిన చోట అతుకు వేసేవాడు. దానికి కావలసిన సరంజామా అంతా సీటు కింద సంచిలో ఎప్పుడూ ఉండేది. ఆయన ఎవరి దగ్గరా చెయ్యి చాచే మనిషి కాదు.

టెక్కలి దాటి, నౌపడ స్టేషను ఇంకా మూడు మైళ్లుందనగా, ఉప్పు మడుల మధ్య రోడ్డు మీద వెనక టైరు ఒక్కసారిగా కూలబడింది. చూస్తే తుమ్మముల్లు. రైలుకు గంటంపావు టైముంది. చుట్టూ ఒక చెట్టు లేదు. ఎండకు తళతళలాడే మడులు, గట్ల మీద తెల్లటి ఉప్పు కుప్పలు.

"సిన్నాన్నా, నడిసెల్లిపోదుమా?" అన్నాను.

"నోర్ముయ్యిరా. బండిని నడిరోడ్డు మీద వొగ్గీసి ఎల్లిపోతామేటి? అరగంటలో అతికీస్తాను సూడు."

అది అంత తప్పు మాటేమీ కాదు. నిజంగానే ఆయనకు అరగంట చాలు. చక్రం విప్పాడు, ట్యూబు లాగాడు, గాలి కొట్టి పక్క మడిలో ముంచాడు. బుడగలు వచ్చాయి. తుండుగుడ్డతో తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ అదే తడిగుడ్డతో తుడిచి, సొల్యూషన్ పూసి అతుకు వేశాడు. గాలి నింపి, చక్రం బిగించి, నన్నెక్కించుకుని బండి లేపాడు. రెండు వందల గజాలు కూడా పోకముందే టైరు మళ్లీ కూలబడింది. విప్పి చూస్తే అతుకు అరటితొక్కలా ఊడి చేతిలోకి వచ్చింది. రెండోసారి ఇంకా గట్టిగా నొక్కి అతికించాడు. ఈసారి బిగించకముందే ఊడింది. నేను ఏడుపు లంకించుకున్నాను.

మడిలో పొడుగు కర్రతో ఉప్పు లాగుతున్న ఒకావిడ అప్పటిదాకా మమ్మల్నే చూస్తోంది. కర్ర పడేసి గట్టు మీదకు వచ్చింది. కాళ్లు మోకాళ్ల దాకా తెల్లగా పగిలి ఉన్నాయి.

"ఏటి బావూ, ఈ నీల్లల్లోనేటి ముంచినారు?"

"నీల్లే కదా మరి."

"నీల్లేటి, ఉప్పు కాదా! మీ వరి మడనుకున్నారేటి? ఎండితే ఉప్పు పేరుకుంటాది, దాని మీద అతుకెలగ అంటుకుంటాది?"

చిన్నాన్న ట్యూబు వంక చూశాడు. దాని ఒంటి మీద, తుండుగుడ్డ మీద, ఆయన ముంజేతుల మీద కూడా సన్నటి తెల్లపొర. నీళ్లంటే ఉప్పునీళ్లు కూడా ఉంటాయని వరిపొలాల్లో పుట్టిన మనిషికి తట్టలేదు.

"ఆ గుంటడెందుకలగ ఏడుస్తన్నాడు?" అందావిడ.

"ఆలమ్మని రైలెక్కిస్తన్నారు. ఆస్పత్రికి. ఒకపాలి సూద్దామని."

ఆవిడ ఉప్పు కుప్ప నీడలో తడిగోనె చుట్టి పెట్టుకున్న కుండను చంకనేసుకుని వచ్చింది. ఆ మడుల దగ్గర తాగే నీరు పుట్టదు. తెల్లారకముందే ఊళ్లోంచి మోసుకొస్తేనే సాయంత్రం దాకా గొంతు తడుపుకునేది.

"వొద్దమ్మా, తాగుడు నీల్లు" అన్నాడు చిన్నాన్న.

"ట్యూబు పట్టమన్నానా!"

పోసింది. ముందు ట్యూబు మీద, తర్వాత తుండు పిండడానికి, తర్వాత చిన్నాన్న చేతుల మీద, మళ్లీ ట్యూబు మీద. చివరికి కుండ బోర్లించి విదిలించింది. ఆ నీళ్లు నేల మీద పడి, మడిలోకి జారి, ఉప్పునీళ్లలో కలిసిపోయాయి. ఎండలో ట్యూబు నల్లగా, శుభ్రంగా ఆరింది. ఈసారి అతుకు పట్టింది.

మేము స్టేషను ముందుకు వచ్చేసరికి రైలు కదిలింది. చిన్నాన్న బండిని గోడకు చేరేసి, నన్ను భుజాన వేసుకుని పరుగెత్తాడు. నాకు కనిపించింది ఆఖరి పెట్టె వీపు మాత్రమే. అదీ చిన్నదైపోతూ. ప్లాట్‌ఫారం మీద ఎవరో తొక్కేసిన మల్లెపూలు, ఒక అరటిపండు తొక్క. చిన్నాన్న బెంచీ మీద కూలబడ్డాడు. ఆయన ఆ పూట అన్నది ఒక్కటే మాట.

"నడిసొచ్చినా అందేదిరా."

బయటికొచ్చి ఆయన వెనక టైరును బొటనవేలితో నొక్కి చూశాడు. రాయిలా ఉంది. గాలి రవ్వంత తగ్గలేదు.

తిరుగు దారిలో మళ్లీ ఆ మడుల మధ్య నుంచే రావాలి. ఎండ ఇంకా అలాగే ఉంది. ఆవిడ బండి చప్పుడు విని నడుం ఎత్తి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. పెదాలు ఎండి తెల్లబడి ఉన్నాయి. కుండ గట్టు మీద బోర్లించి ఉంది.

"దొరికిందేటి నాయినా, రైలు?"

చిన్నాన్న వీపు బిగుసుకోవడం నా ఛాతీకి తెలిసింది. ఆయన నోరు తెరవకముందే నేను అరిచాను.

"దొరికింది! మాయమ్మ కిటికీలోంచి సెయ్యూపింది!"

కోత అన్నాను చూడండి, ఇదే అది. నా జీవితంలో మొదటిది.

ఆవిడ నవ్వింది. "అమ్మయ్య! మరింకేటి కావాల, ఎల్లిరండి" అని మళ్లీ కర్ర అందుకుంది. చిన్నాన్న నన్ను తిట్టలేదు, సరిదిద్దలేదు. ఊరొచ్చేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

అమ్మ తిరిగి రాలేదు. వానలు పడకముందే విశాఖపట్నంలోనే అన్నీ అయిపోయాయి. చిన్నాన్న ఆ బండిని మళ్లీ కాలవలో కడగలేదు. అది పశువుల పాకలో తుప్పు పట్టింది. అన్నిటికంటే నాకు జరిగిన పెద్ద అన్యాయం వేరే ఉంది. ఇప్పుడు అమ్మను తలుచుకుంటే ముఖం రాదు. కిటికీలోంచి ఊగే చెయ్యి వస్తుంది. జరగనిది గుర్తుండిపోయి, నిజంగా చూసిన ముఖం చెరిగిపోయింది.

నా బండి టైరుకు ఇప్పుడు ట్యూబే లేదు. మొన్న నరసన్నపేట హైవే మీద మేకు దిగితే, మెకానిక్కు చక్రం విప్పకుండానే ఆ బొక్కలో రబ్బరు ముక్క దూర్చి పొమ్మన్నాడు. సైడు పెట్టెలో రెండు లీటర్ల మంచినీళ్ల సీసా చూసి, ఇదెందుకు సార్ అని అడిగాడు. రేడియేటరుకన్నాను. నా బండికి రేడియేటరు లేదు.

ఆ కథ ఇన్నిసార్లు ఇన్ని రకాలుగా ఎందుకు కోస్తావని మా ఇంటావిడ అడుగుతుంది. అమ్మ కోసమే అనుకుంటుంది. కాదు. ఏ కథలోనైనా సరే మా బండి రైలును అందుకుంటే, ఆ కుండలో నీళ్లు వృథా కాలేదన్నమాట. అందుకని ప్రతిసారీ అందిస్తాను. ఈ ఒక్కసారే అందించలేదు. సాయంత్రం దాకా ఆవిడ ఏం తాగి ఉంటుందో అడగాలని కూడా ఆ రోజు నాకు తట్టలేదు.