మూడోనాడు అక్క చెప్పిన మాట

నా చిన్నప్పుడు మా గల్లీలో మధ్యాహ్నం కాగానే ప్రతి ఇంటి వాకిలీ తడిసేది. అన్నం తిని చేయి కడుక్కున్న నీళ్ళు అనుకునేరు. తినకుండానే కడుక్కున్న నీళ్ళు అవి. నాచారంలో మా నాయన పనిచేసే ఫ్యాక్టరీకి ఆ ఏడు తాళం పడింది. గల్లీలో ఉన్నవాళ్ళంతా దాన్నే నమ్ముకుని పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. ఇవాళ తెరుస్తారు, రేపు తెరుస్తారు అనుకుంటుండగానే వానాకాలం పోయి చలికాలం వచ్చింది. ఇళ్ళల్లో గింజలు అయిపోయాయి. ఆ సంగతి మాత్రం పక్కింటికి తెలియకూడదు. అందుకని బడి నుంచి మధ్యాహ్నం ఇంటికొచ్చిన నన్నూ తమ్ముణ్ణీ మా అమ్మ కాసేపు లోపల కూర్చోబెట్టి, గ్లాసు నిండా నీళ్ళు తాగించి, ఆ తర్వాత వాకిట్లో నిలబెట్టి చెంబుతో చేతులు కడిగించేది. గట్టిగా పుక్కిలించమనేది కూడా. అటు ఇంట్లోనూ అదే, ఇటు ఇంట్లోనూ అదే. ఎవరి తడి నిజమో, ఎవరి తడి నాటకమో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని ఎవరూ అనుకోలేదు కూడా, అడిగినవాడు ముందు తన సంగతి చెప్పాల్సి వస్తుంది కదా.

సాయంత్రం పూట ఇంత గంజి దొరికేది. నేను మూడో తరగతి. తమ్ముడు ఒకటో తరగతి. వాడు మొదట్లో ఆకలని ఏడ్చేవాడు. తర్వాత ఏడవడం మానేశాడు. మా అమ్మ దాన్ని బుద్ధి రావడం అనుకుంది. వాడు బడి మెట్లు ఎక్కడానికి గోడ పట్టుకుంటున్నాడని నాకు తెలుసు.

అప్పుడే మా బడిలో మధ్యాహ్నం తిండి మొదలైంది. ఎక్కడో పరాయి దేశం నుంచి వచ్చిన మక్కజొన్న రవ్వ, డబ్బాల్లో నూనె, పాలపొడి. బడి వెనక రేకుల కింద ఒక ఆయమ్మ పెద్ద గిన్నెలో పసుపుపచ్చ ఉప్మా వండేది. ఎక్కాలు చదివే వేళకు ఆ వాసన తరగతి గదిలోకి వచ్చేసేది. నోట్లో నీళ్ళు ఊరి ఎక్కం మధ్యలో మింగుతూ చదివేవాళ్ళం.

మా పెద్దసారు మంచి మనిషి. ఆ మంచితనంతోనే మా కొంప ముంచాడు. తిండి సంగతి అందరికీ తెలియాలని డప్పు చాటింపు వేయించాడు. ఆయన చెప్పమన్న మాటలే డప్పు మనిషి గల్లీ గల్లీలో ఆగి అరిచాడు. "ఇంట్ల తిండికి లేనోళ్ళ పిల్లలకు బడిల ఉప్మా పెడ్తున్నరహో! పనిలేక పస్తులున్నోళ్ళు మీ పిల్లలను తోలుండ్రహో!" ఆ మాట విన్నాక మా గల్లీలో ఏ తల్లి పిల్లల్ని పంపుతుంది? ఆ ఉప్మా ముందు కూర్చోవడమంటే మా ఇంట్లో తిండి లేదని ఆ డప్పు మనం కొట్టుకోవడమే. చెరువు కట్ట దిగువన గుడిసెలేసుకుని రాళ్ళు కొట్టేవాళ్ళ పిల్లలు కొద్దిమంది మాత్రం తిన్నారు. వాళ్ళు తింటున్నారని తెలిసి మావాళ్ళు మరింత బిగుసుకున్నారు. మధ్యాహ్నం గంట కొట్టగానే మేమంతా ఆ ఉప్మా గిన్నె పక్క నుంచే ఇంటికి నడిచి, నీళ్ళు తాగి, చేతులు కడుక్కుని తిరిగి వచ్చేవాళ్ళం.

తినేవాళ్ళు లేరని పెద్దసారు తల్లిదండ్రులను ఒకరోజు బడికి పిలిచి, విస్తరాకుల్లో తలా కాస్త ఉప్మా పెట్టించాడు. రుచి చూస్తే పంపుతారని ఆయన ఆశ. తండ్రులు ఉతికిన చొక్కాలేసుకుని పెద్దమనుషుల్లా వచ్చారు. మా నాయన చిటికెడు నోట్లో వేసుకుని, "మంచిగున్నది సార్. లేనోళ్ళకు పెడ్తున్నరు, మస్తు పున్నెం" అని విస్తరిని పక్కకు జరిపాడు. ముందురోజు నుంచీ ఆయన కడుపులో ఏమీ లేదు. ఆ చిటికెడూ దిగుతుంటే ఆయన గొంతు కదలడం నేను కిటికీలోంచి చూశాను. బయటికి వచ్చాక మగవాళ్ళంతా అది వేరే దేశంలో గుర్రాలకు పెట్టే దాణా అని చెప్పుకుని నవ్వారు.

చివరికి మా టీచరమ్మ ఇల్లిల్లూ తిరిగింది. మల్కాజిగిరి నుంచి రోజూ వచ్చేది, రైల్వే ఉద్యోగి భార్య. మా అమ్మ ఆమెకు చాప వేసి మర్యాద చేసి, మా ఇద్దరి చేతులూ పట్టి చూపించింది. "ఇప్పుడే తిన్నరు టీచరమ్మా. సూడుండ్రి, ఇంక తడి గూడ ఆరలే." టీచరమ్మ ఆ చేతుల వైపు చూసి, తమ్ముడి మొహం వైపు చూసి, లేచి వెళ్ళిపోయింది.

మా గల్లీలో మధ్యాహ్నం పూట నిజంగా తిని చేతులు కడుక్కునే ఇల్లు ఒకటుందని నాకొక్కదానికే తెలుసు. అది మా పక్కింటి అక్కది. పాతికేళ్ళు కూడా ఉండవు. ఒక్కడే కొడుకు, మా తమ్ముడి ఈడువాడు. వాళ్ళాయనకూ పని లేదు కానీ, కీసర అవతలి ఊరి నుంచి అక్క సొంత అన్న అప్పుడప్పుడు సైకిలు మీద జొన్నపిండి మూట తెచ్చి ఇచ్చిపోయేవాడు. అక్క దాన్ని తలుపు వెనక డబ్బాలో పోసి, తలుపు వేసుకుని రొట్టెలు చేసేది. గల్లీ మొత్తానికి పెట్టలేదు, పెట్టలేనప్పుడు చూపించకూడదని ఆమె అనుకుంది. నన్ను మాత్రం ఎప్పుడైనా నల్లా దగ్గర నుంచి బిందె తెమ్మని పిలిచేది. నీళ్ళు తెచ్చినందుకు రొట్టె. కూలికి తిన్నట్టు ఉంటుంది, మా నాయన పరువుకు భంగం ఉండదు. నేను సగం తిని సగం తమ్ముడి కోసం గౌను కింద దాచుకునేదాన్ని, ఎక్కడిదో వాడికి చెప్పేదాన్ని కాదు. ఆ పిల్లవాడు నా పక్కనే కూర్చుని తినేవాడు. కడుపు నిండగానే మిగిలింది గిన్నెలో వదిలేసి ఆటకు పరుగెత్తేవాడు.

ఆ పిల్లవాడికి ఉన్నట్టుండి జ్వరం వచ్చింది. మర్నాటికి మాట పడిపోయింది. రిక్షాలో పట్నం దవాఖానాకు తీసుకెళ్ళారు. మెదడుకు జ్వరం ఎక్కిందన్నారట. తెల్లారి వాణ్ణి దుప్పట్లో చుట్టి తెచ్చారు. మూడు నాలుగు రోజుల ముందు నాతోపాటు రొట్టె తిన్నవాడు అంత చిన్నగా ఎలా అయిపోయాడో నాకు అర్థం కాలేదు. చావంటే భయం నాకు ఆ రోజే తెలిసింది.

మూడోనాడు వాళ్ళింటి ముందు చాపలు పరిచి ప్రార్థన పెట్టారు. అక్కవాళ్ళు క్రైస్తవులు. చావు దగ్గర మా గల్లీకి ఆ తేడాలు ఉండేవి కావు, అందరూ వచ్చి కూర్చున్నారు. ప్రార్థన చేసి పాస్టరుగారు వెళ్ళిపోయారు. టీచరమ్మ కూడా వచ్చింది. ఆమె పోతూ పోతూ తలుపు దగ్గర నిలబడి, ఇది చెప్పే సమయం కాదని తెలిసినా చెప్పింది. "శనివారం బండి వస్తుందమ్మా. ఇక్కడ తినేవాళ్ళు లేరని రవ్వ, నూనె అన్నీ ఉప్పల్ వైపు బడికి తీసుకెళ్ళిపోతారు. ఇక నా చేతిలో ఏమీ లేదు."

మా అమ్మే పలికింది. "మా పిల్లలకేం తక్కువ టీచరమ్మా. తీస్కపోనియ్యిరి." ఆమె ఒళ్ళో తమ్ముడు కళ్ళు మూసుకుని పడుకున్నాడు. నిద్రతో కాదు. కూర్చోలేక.

అక్క గోడకు ఆనుకుని కూర్చుంది. నేను పక్కనే ఉన్నాను. ఆమె చాలాసేపు మా తమ్ముణ్ణే చూసింది. తర్వాత అందరికీ వినపడేలా అంది.

"నా కొడుకు జ్వరంతోని పోలే. ఆకలితోని పోయిండు. మా ఇంట్ల పొయ్యి ఎలగక ఎన్నొద్దులాయెనో. ఉత్త నీళ్ళు తాపి, చేతులు కడిగిచ్చి బడికి తోలిన. బడిల తిండి ఉన్నదని తెలుసు. నలుగురు ఏమనుకుంటరో అని తిననియ్యలే."

అబద్ధం! తలుపు వెనక డబ్బాలో పిండి ఉంది. జ్వరం వచ్చే ముందురోజు కూడా వాడు సగం రొట్టె వదిలేస్తే అది నేనే తిన్నాను. దుఃఖంలో అక్కకు మతి పోయిందేమో, గుర్తు చేద్దామని నోరు తెరిచాను. "అక్కా, మొన్న మనం..." అన్నానో లేదో చాప మీద ఉన్న నా చేతిని ఆమె పట్టుకుంది. మొహం నా వైపు తిప్పలేదు. ఎముకలు నొప్పెట్టేంత గట్టిగా పట్టుకుంది. నేను మాట మింగేశాను.

అందరూ ఆమె భర్త వైపు చూశారు. ఇంట్లో పిండి ఉన్న సంగతి ఆయనకు తెలుసు. బిడ్డ కడుపు మాడ్చి చంపుకున్నామని భార్య పదిమందిలో అంటే ఊరుకునే మగాడు మా గల్లీలో లేడు. కొడతాడనే అనుకున్నాను. ఆయన తలెత్తి ఆమెను చూశాడు. ఆమె ఆయన్నే చూస్తూ ఉంది. వాళ్ళిద్దరి మధ్య ఏం నడిచిందో నాకు తెలియదు. చివరికి ఆయన, "అవును. నాతోని కాలే" అని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

వెనకాల నిలబడ్డ మా నాయన జనం మధ్య నుంచి వచ్చి, మా అమ్మ ఒళ్ళోంచి తమ్ముణ్ణి ఎత్తి భుజాన వేసుకున్నాడు. వాడి వీపు నిమురుతూ అక్కడే నిలబడి ఏడ్చాడు. మా నాయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. అవతలింటామె టీచరమ్మ చేయి పట్టుకుని, "రేపు మా వాళ్ళను గూడ కూసోబెట్టుండ్రి" అంది. తర్వాత ఇంకొకామె. ఆ తర్వాత అందరూ.

మర్నాడు మధ్యాహ్నం గంట కొట్టాక మేమెవరమూ ఇంటికి పోలేదు. మా గల్లీ పిల్లలంతా బడి వెనక వరుసగా కూర్చున్నాం. ఉప్మా ఉండలు కట్టింది, నూనె వాసన కొట్టింది. నిజం చెప్పాలి, రుచిగా లేదు. తమ్ముడు ఆత్రంగా తిని కక్కుకున్నాడు. ఆయమ్మ వాడి మూతి తుడిచి, పాలు తాగించి, మళ్ళీ మెల్లగా పెట్టింది. శనివారం బండి వచ్చింది కానీ తీసుకెళ్ళడానికి కాదు, ఇంకో రెండు బస్తాలు దింపి పోయింది.

ఎండాకాలానికి ఫ్యాక్టరీ తెరిచారు. ఇళ్ళల్లోకి బియ్యం వచ్చాయి, వాటితోపాటు నోళ్ళూ లేచాయి. నల్లా దగ్గర అక్క బిందె పెడితే ఆడవాళ్ళు పక్కకు జరిగేవారు. "అడిగితె మనం ఇంత పెట్టకపోదుమా? పిలగాని పానం తీసుకున్నది" అనుకునేవారు, ఆమెకు వినపడేట్టే. పెట్టడానికి వాళ్ళ దగ్గర ఏముందట అప్పుడు! ఈ వార్త కీసర అవతలికీ చేరి వాళ్ళ అన్న వచ్చాడు. వాకిట్లో నిలబడి, "నేను మోసిన పిండి ఏం జేసినవే? ఎవరికి అమ్ముకున్నవ్?" అని అరిచాడు. అక్క తల వంచుకుని నిలబడింది. అమ్ముకుందనే అందరూ ఖాయం చేసుకున్నారు. ఆయన మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. అట్లా ఆమెకు పుట్టిల్లు కూడా పోయింది.

నాకు పట్టలేనంత కోపం వచ్చింది. ఆ సాయంత్రం వాళ్ళింట్లోకి పోయి, అందరికీ నిజం చెప్పేస్తానన్నాను. అక్క నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"ఎవ్వరికి చెప్పకు బిడ్డా. టీచరమ్మ ఎంత మంచిగ చెప్పింది, ఒక్కరన్న విన్నరా? ఎవరో ఒకరు మా ఇంట్ల లేదని ముందుగాల అనాలె. మాకు ఇగ పోయేదేమున్నది? నువ్వు చెప్తె, రేపు మల్ల ఫ్యాక్టరీ బందయిననాడు అందరు చేతులు కడిగిస్తరు."

"మరి నిన్ను తిడుతున్నరు గదా" అన్నాను.

ఆమె కొంగు మొహానికి కప్పుకుంది. ఎంతసేపటికీ తీయకపోతే, ఎవరికీ చెప్పనని మాటిచ్చి నేను లేచి వచ్చేశాను. కొన్నాళ్ళకే వాళ్ళు నాగారం వైపు ఎక్కడో పని చూసుకుని గల్లీ వదిలి వెళ్ళిపోయారు. సామాను బండి ఎక్కించడానికి ఒక్కరూ సాయం పట్టలేదు.

నేను మాట తప్పలేదు. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, మనవలొచ్చారు. ఎవరి ఇంట్లోనైనా పిల్లవాడు పోయి, తల్లి సరిగా చూసుకోలేదట అని ఎవరైనా అంటే నేను అక్కడి నుంచి లేచి పోతాను. నాకు పొగరని బంధువులు అనుకుంటారు. అనుకోనీ.

పోయిన ఏడాది పాత గల్లీ ఆమె ఒకతె కనపడి, మీ పక్కింటామె చనిపోయిందట అని చెప్పింది. ఆ తర్వాత కొద్దిరోజులకే ఉప్పల్‌లో మా వాళ్ళింట్లో ఒక శుభకార్యం. నేనూ తమ్ముడూ ఒకే బంతిలో కూర్చున్నాం. వాడిప్పుడు రిటైరైన మనిషి, బొజ్జ పెంచాడు, షుగరుందని భార్య స్వీటు తిననివ్వదు. పాత గల్లీ మాటలొచ్చాయి. అన్నం కలుపుతూ వాడు మామూలుగా అన్నాడు. "పక్కింట్ల ఒక పిలగాడు ఉండె గదక్కా నాతోటి. పాపం, వాళ్ళమ్మ తిండి పెట్టక సంపుకున్నది."

అక్క ఇక లేదు. ఇచ్చిన మాటకు గడువు తీరిందనుకున్నాను. వాడి చెవి దగ్గరికి వంగి చెప్పాను. "వాడు రోజు కడుపునిండ తిన్నడు తమ్మీ. ఆకలితోని సచ్చిపోతుండేది నువ్వు. నిన్ను సూసే ఆమె ఆ మాట అన్నది."

తమ్ముడి చేయి అన్నంలోనే ఆగిపోయింది. బంతి లేచింది, వడ్డించేవాళ్ళు ఆకులు తీయడానికి వచ్చారు, వాడు లేవలేదు. "ఆమె పేరేందక్కా?" అని అడిగాడు. నాకూ తెలియదు. అక్క అనే పిలిచాను, ఎన్నడూ అడగలేదు. ఇప్పటికీ ముద్ద నోటి దగ్గరికి తెచ్చుకున్నప్పుడు, మా ఇద్దరినీ బతికించిన మనిషి పేరు నాకు తెలియదని గుర్తొస్తుంది.