గ్యాస్ అరలో ఇంగువ డబ్బా

మేముండే కనాటా ఊళ్ళో యూరప్ వెళ్ళొచ్చిన ప్రతి కుటుంబమూ తెలుగువాళ్ళందరినీ భోజనానికి పిలిచి టీవీలో ఫొటోలు చూపిస్తుంది. అన్నీ ఒకేలా ఉంటాయి. వెనక మంచుకొండ, ముందు చలికోటులో మొగుడు, పక్కన ఎండకి కళ్ళు చికిలించుకుంటూ పెళ్ళాం. ఏడాదిలో ఐదు నెలలు వాకిట్లో మంచు ఎత్తిపోసుకునే మనం, ఇంకో దేశపు మంచు చూడటానికి విమానమెక్కడమేమిటో నాకు అర్థమయ్యేది కాదు. అయినా పోయిన సెప్టెంబరులో మేమూ బయల్దేరాం. మా ఆయన టెలికాం కంపెనీలో ఇంజనీరుగా రిటైరై అప్పటికి రెండేళ్ళు. హోటళ్ళు వద్దు, క్యాంపర్ వ్యాన్ తీసుకుందాం, వంటా పడకా అన్నీ అందులోనే అన్నారు. అంటే సెలవుల్లో కూడా వంట నాదేనని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

నాకున్నది ఒకే కోరిక. మేం వెళ్ళే దారిలో ఆల్ప్స్ కొండల మీద ఎత్తైన కనుమ ఒకటుంది, ముప్పై ఒక్క మలుపుల దారి. ఆ దారిలో వ్యాన్ నేను నడపాలి. అక్కడి వ్యాన్లు గేర్ల బళ్ళు. ఇక్కడ ఇరవై ఎనిమిదేళ్ళుగా నేను నడిపింది ఆటోమేటిక్. అందుకని ఆ వేసవంతా, ఆసుపత్రి ల్యాబులో నాతో పనిచేసిన ఆవిడ పాత గేర్ల పికప్పు మీద, కమ్యూనిటీ సెంటర్ పార్కింగ్‌లో ఆదివారాలు పొద్దున్నే ప్రాక్టీసు చేశాను. వ్యాన్ కాగితాల్లో రెండో డ్రైవరుగా నా పేరు కూడా రాయించుకున్నాను. మా ఆయన గేర్లు నేర్చుకున్నది కాలేజీ రోజుల్లో, వాళ్ళ మామయ్య అంబాసిడర్ మీద. ఆ తర్వాత గేరు రాడ్డు ముట్టుకుంటే ఒట్టు. అయినా ఆయనది విద్య, నాది ఆదివారపు సరదా.

మొదటి మూడు రోజులూ ఆయనే నడిపారు. ప్రతి ఎత్తులోనూ బండి గుర్రుమని ఆగిపోయేది, వెనక హారన్లు మొదలయ్యేవి.

"ఈ క్లచ్చే వేస్టు," అనేవారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు.

"కాసేపు నేను తీసుకోనా?"

"ఇది మన ఊరి క్వీన్స్‌వే రోడ్డు కాదు, కొండలు. చూస్తూ కూర్చో."

కూర్చున్నాను.

ఇంగువ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇంగువ లేని చారు వేన్నీళ్ళతో సమానమని, ఇంట్లో ఉన్న ముద్ద ఇంగువ డబ్బా పట్టుబట్టి తెచ్చుకున్నది ఆయనే. బట్టలకి వాసన పడుతుందని మొదటి రోజే దాన్ని ఎక్కడో దాచిందీ ఆయనే. ఎక్కడ పెట్టారో ఆయనకే గుర్తులేదు. మూడు రోజులూ ఇంగువ లేకుండానే చారు పెట్టాను. ఆహా అంటూ తాగారు.

మూడో రోజు సాయంత్రం కనుమ కిందున్న క్యాంపులో ఆగాం. ఆ క్యాంపు చూసుకునే పెద్దావిడ మా వ్యాన్ పక్కనుంచి వెళ్తూ ఆగి, గాలి పీల్చి, గ్యాస్ సిలిండరుండే అర వైపు చెయ్యి చూపించింది. లీకు, వెంటనే కట్టెయ్యండి, పొయ్యి వెలిగించొద్దు, మెకానిక్కు రేపు సాయంత్రం వస్తాడు అంది. రేపు మధ్యాహ్నం నుంచి మంచు పడుతుందని, కనుమ దారి మూసేస్తారని ఆఫీసు బోర్డు మీద రాసుంది. అంటే మెకానిక్కు వచ్చేసరికి నా కనుమ పోయినట్టే.

మా ఆయనకి మాత్రం పండగొచ్చినట్టయింది. సిలిండరు వాల్వు దగ్గర కూర్చుని, గొట్టం పొడుగునా సబ్బు నురగ పూశారు. ఒక్క బుడగ రాలేదు.

"బుడగ కూడా రానంత చిన్న లీకు. ఇవే డేంజర్," అన్నారు.

"నాకు ఇంగువ వాసనలా ఉందండీ."

"గ్యాసులో వాసన కోసం ఏవో కలుపుతారు. నీకు తెలీదులే."

ముప్పై ఏళ్ళు ల్యాబులో సీసాలు వాసన చూసి చెప్పిన మనిషిని. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆ పూట ఎండు రొట్టె తిని, కిటికీలు తెరుచుకుని చలిలో పడుకున్నాం.

తెల్లారాక ఆయన స్నానానికి వెళ్ళగానే ఆ అర తెరిచి సిలిండరు వెనక చెయ్యి పెట్టాను. మూత ఊడిన ఇంగువ డబ్బా దొరికింది. ఆయన వచ్చేసరికి దాన్ని అరచేతిలో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాను. ఆయన డబ్బాని చూశారు, నన్ను చూశారు.

"తాళాలివ్వండి," అన్నాను.

"ఈ ఇంగువ సంగతి కనాటాలో ఎవరికీ చెప్పకు."

"చెప్పను."

ఇచ్చారు. లీకు రిపేరు చేశానని పెద్దావిడతో చెప్పారు. ఆవిడ అర దగ్గర మళ్ళీ గాలి పీల్చి చూసుకుని, ఇంజనీరుగారికి షేక్‌హ్యాండిచ్చింది.

ముప్పై ఒక్క మలుపులూ నేనే నడిపాను. ఒక్కసారి కూడా బండి ఆగలేదు. పక్క సీట్లో ఆయన కాలు, అక్కడ లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది. సగం దారిలో ఎదురుగా బస్సొస్తే, మలుపు దాకా వెనక్కి నడిపి దారిచ్చాను. బస్సు డ్రైవరు చెయ్యెత్తి వెళ్ళాడు. పెళ్ళినాడు కూడా నాకంత సంతోషం కలగలేదు. పైకి చేరాక ఆయన డ్రైవర్ సీట్లోకి మారి, స్టీరింగ్ మీద చెయ్యి వేసి, "ఇటువైపు లైట్ బాగుంది, ఒకటి తియ్యి," అన్నారు. ఇంత నోరున్న దాన్ని, మారు మాట్లాడకుండా తీశాను.

జనవరిలో మా ఇంట్లోనే భోజనాలు. టీవీ నిండా ఆ ఫొటో. మలుపుకో కథ చొప్పున ఆయన చెబుతున్నారు, నా బస్సు కూడా ఆయన కథలోకి వెళ్ళిపోయింది.

"పక్కన కూర్చుంటే భయమెయ్యలేదా వదినా?" అంది ఒకావిడ.

ఇంగువ గురించి మాటిచ్చాను గానీ, నడపడం గురించి ఇవ్వలేదు. చారు గిన్నె బల్ల మీద పెట్టి ఆయన వైపు తిరిగాను.

"ఇంగువ సరిపోయిందా అండీ?"

ఆయన చేతిలో గరిటె ఆగింది.

"నిజానికి ఆ కొండ మీద నడిపింది తనే," అన్నారు.

అందరూ పగలబడి నవ్వారు. "అంకుల్ భలే జోకులేస్తారు," అన్నారెవరో. "కాదు, నిజంగానే," అన్నారాయన. ఇంకా నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది భోజనానికొచ్చిన నలుగురు ఆడవాళ్ళే. ఆ సాయంత్రం బయట ఐసు వాన పడుతోంది. మొగుళ్ళు మందు తాగుతారు కాబట్టి, ఆ నలుగురూ జారే రోడ్ల మీద వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని తామే కారు నడుపుకుంటూ వచ్చారు. కాసేపట్లో మళ్ళీ తామే నడుపుకుంటూ వెళ్ళారు.