తలనీలాలు కాదు, కాలేయం

నేను నరసరావుపేటలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. కాలేయాన్ని కొంత కోసి తీసేసినా మళ్లీ పెరుగుతుందని ఒకసారి పెళ్లి భోజనాల దగ్గర నోరుజారాను. మా అన్నయ్యలిద్దరూ ఆ మాట పట్టేసుకున్నారు. పెద్దన్నయ్య అప్పటికే పొద్దున్నే గ్లాసు పట్టే రకం. "మా చెల్లెలు లెక్చరరు, లివరు మొలుస్తుందంట!" అని మా ఊరు రెంటచింతల సెంటరంతా టముకేశాడు. చదువుకున్నదాని మాట తాగుబోతు చెవిన పడితే ఇంతే.

రెండేళ్లకు పెద్దన్నయ్య కళ్లు పచ్చబడ్డాయి. ముందు పసరు పోయించారు, పత్యం పెట్టారు. పత్యంలో కూడా మహానుభావుడు తాగుడు మానలేదు. పొట్ట ఉబ్బింది. లివరు మార్చాల్సిందే, ఇంట్లో ఎవరైనా తమది కొంత ఇస్తే బతుకుతాడని హైదరాబాదు డాక్టర్లు తేల్చేశారు. వదినకు షుగరు, పనికిరాదన్నారు. పిల్లలు లేరు. మిగిలింది చిన్నన్నయ్యా, నేనూ.

"నువ్వు ఇయ్యవే అమ్మాయ్. ఏముంది అందులో? కోటప్పకొండ మీద తలనీలాలు ఇచ్చినట్టే గదా. మళ్లీ పెరుగుద్దని నువ్వే చెప్పావుగా" అన్నాడు చిన్నన్నయ్య.

"ఏం, నీకు పెరగదా?"

"నాకు మిరప కోతలున్నయ్యి."

ఛీ! మిరపకాయల పాటి చెయ్యనా నేను? కనీసం రక్తపరీక్షకైనా చెయ్యి చాపలేదు ఆ పెద్దమనిషి.

అయినా బుద్ధి లేక పాఠం చెప్పబోయాను. మంచి కాలేయంలో కొంత కోస్తే, మిగిలిన కణాల్లో నిద్రపోతున్న జన్యువులు మేలుకుంటాయి. కణాలు ఒకటి రెండవుతాయి. సరిపడా పెరిగాక జన్యువులు మళ్లీ సద్దుమణుగుతాయి. కత్తి పెట్టించుకున్నవాళ్లకు ఈలోపు ప్రాణం మీదికీ రావచ్చు. అన్నయ్య సంగతి వేరు. ఏళ్ల తరబడి తాగితే ఆ కణాలు చేతులెత్తేస్తాయి. అప్పుడు పిత్తనాళాల పక్కన ఆపద్ధర్మానికని దాగి ఉన్న పూర్వకణాలు లేస్తాయి. కానీ లోపలంతా మచ్చకట్టి బిగుసుకుపోయాక అవి మాత్రం ఏం చేస్తాయి? పిడుగురాళ్ల సున్నపు క్వారీలో మిరపనారు పోస్తే మొలుస్తుందా?

చిన్నన్నయ్య ఆవులించాడు. "జన్యువులు గిన్యువులు మాకెందుకే. నీది మొలుస్తుందా లేదా, అది చెప్పు."

ఇలాంటి వాళ్లతో మాట్లాడటం నాదే తప్పు. కానీ చిన్నప్పుడు రెంటచింతల ఎండల్లో నన్ను సైకిలెక్కించుకుని బడికి తీసుకెళ్లింది పెద్దన్నయ్యే. ఇద్దామనే అనుకున్నాను. పరీక్షలన్నీ చేయించుకున్నాను. అన్నీ సరిపోయాయి.

ఆసుపత్రి మంచం మీద నుంచి అన్నయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. ఒక మంచిమాట అంటాడేమోనని వంగాను.

"అమ్మాయ్, నీది మళ్లీ పెరిగాక, నాకు అవసరమైతే ఇంకోసారి తీయొచ్చా? డాక్టర్ని అడిగి రా."

ఆ మధ్యాహ్నమే నన్ను ఒక్కదాన్నే గదిలో కూర్చోబెట్టి, ఇష్టంతోనే ఇస్తున్నారా అని అడిగారు. ఇచ్చేవాళ్లందర్నీ అలాగే అడుగుతారట. అవునని చెప్పడానికే వెళ్లాను. "ఇవ్వను" అని వచ్చింది నోట్లోంచి. డాక్టరమ్మ నన్నేమీ అనలేదు. కారణం మీవాళ్లకు చెప్పం, మీది సరిపోలేదని మాత్రం చెప్తాం అంది. పరీక్షలకు రమ్మని చిన్నన్నయ్యకు కబురు చేస్తే ఫోను స్విచాఫ్. పెద్దన్నయ్య నెల తిరక్కుండానే పోయాడు.

పెద్దకర్మనాడు చిన్నన్నయ్య విస్తళ్ల మధ్య తిరుగుతూ వచ్చినోళ్లందరికీ చెప్తున్నాడు. "మేం చెయ్యాల్సిందంతా చేశాం. మా చెల్లెలి లివర్లోనే ఏదో లోపమంట, పాపం." చుట్టాలు నావంక జాలిగా చూశారు. ఒక పెద్దమ్మ నా వీపు నిమిరింది. వాణ్ని నలుగురిలో కడిగేద్దామని నోరు తెరిచాను, మూసుకున్నాను. నా కాలేయం నిక్షేపంలా ఉంది. అన్నయ్యకు ఇవ్వనన్నది నేను.