ఫరో గుండె, అమ్మ కాలు

దేవుని చిత్తం తెలుసుకోవాలంటే కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టడం మా ఇంటి అలవాటు. సరూర్‌నగర్‌లో స్థలం కొన్నప్పుడు, అన్నకు సంబంధం చూసినప్పుడు, ఆఖరికి దిల్‌సుఖ్‌నగర్‌లో ఫ్రిజ్ కొన్నప్పుడూ ఇదే తంతు. నాకు ఒళ్లు మండేది. మరి దేవుడు బుర్ర ఇచ్చింది ఎందుకట?

ఆ మధ్యాహ్నం ఎల్బీ నగర్ ఆసుపత్రిలో డాక్టర్ తేల్చి చెప్పేశాడు. షుగర్‌తో కుళ్లిన అమ్మ కాలు సాయంత్రంలోగా తీసెయ్యాలి, లేదంటే ప్రాణం దక్కదు. అమ్మ వద్దంది. అన్న కళ్లు మూసుకుని బైబిలు తెరిచాడు. బానిసలను వదలనని ఐగుప్తు రాజు ఫరో మొండికేసేలా దేవుడు అతని గుండెను కఠినపరిచిన చోట వేలు పడింది.

"చూసినవా చెల్లె? అమ్మ నోట వద్దనిపిస్తున్నది ఆయనే."

"అది అట్టలూడిన బైబిలు అన్నా. ఎప్పుడూ ఆడనే తెరుచుకుంటది," అని కసిరాను. పక్క మంచం ఆవిడ దగ్గర కొత్త బైబిలు అడిగి తెచ్చి, ఈసారి నేనే కళ్లు మూసుకున్నాను. మళ్లీ ఫరోయే. ఉక్కపోసే ఆ వార్డులో నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. భయం వేసింది, దాచడమెందుకు.

అన్న బైబిల్లో అపొస్తలుడు పౌలు రాసిన మాట పట్టుకున్నాడు. కుమ్మరి ఎట్లా చేస్తే కుండ అట్లా ఉంటుంది, మట్టికి నోరెక్కడిది అన్నాడు. నేను సండే స్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని, యూదు పండితుల వ్యాఖ్యానాలూ కొన్ని చదివాను. వాళ్లలో కొందరు ఇంకోలా చెబుతారు. దేవుడు ఐగుప్తు మీదికి వరసగా పంపిన తెగుళ్లలో మొదటివాటప్పుడు ఫరో తన గుండెను తానే బిగించుకున్నాడు. వద్దు వద్దని అలవాటు పడ్డాకే దేవుడు అతణ్ణి ఆ అలవాటుకు అప్పగించాడు. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. రాజే మొండివాడైతే ఇంకెవరు ఆపగలరు?

అమ్మదీ అదే వరస. మాత్రలు వద్దు, ఇన్సులిన్ వద్దు, కాలికి పుండు పడితే దవాఖాన వద్దు. ఏళ్ల తరబడి బతిమాలాం.

మా వాదన నడుస్తుండగానే అమ్మ నా చున్నీ పట్టుకుని లాగింది. కళ్ల నిండా నీళ్లు.

"సరే అనమ్మా. ఒక్కసారి," అన్నాను.

"వద్దు," అంది. అంటూనే బెదిరిపోయి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "సరే అందామనే అనుకుంటున్న బిడ్డా. పొద్దుగాల సంది అనుకుంటున్న. నోట్లకెళ్లి వద్దనే ఒస్తున్నది."

అన్న బైబిలు మూసేశాడు. నేను ఆపరేషన్ కాగితం మీద సంతకానికి వంగితే, అమ్మ నా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగసాగింది. అన్న ఆ వేళ్లు విడదీయబోయాడు, విడలేదు. ఆమె కళ్లు మాత్రం సంతకం పెట్టమని నన్ను బతిమాలుతున్నాయి. ఆ చేతిని మోసుకుంటూనే సంతకం పెట్టాను.